పెద్ద టెర్మినల్, చిన్న టెర్మినల్

కోరుట్ల బస్టాండు ఎదుటి చాయ్ హోటల్లో కూర్చున్నప్పుడల్లా నాకొక పరీక్ష తప్పదు. గల్ఫ్‌కు పోయేవాడో, పోయి వచ్చినవాడో ఎవడో ఒకడు పక్కన చేరి ఫోన్లో వీడియో చూపిస్తాడు. అందులో ఒకాయన విమానాశ్రయం లాంజ్‌లో కూర్చుని, ప్లేటు నిండా పెట్టుకుని, ఇక్కడ బిర్యానీ ఎలా ఉంది, అక్కడ సోఫా ఎలా ఉంది అని మార్కులు వేస్తుంటాడు. "అన్నా, నువ్వు గాడనే పనిజేసినవు గదా. ఏ టెర్మినల్ మంచిగుంటది? ఏ లాంజ్ మంచిగుంటది?" అని అడుగుతారు. వాళ్ల తప్పేం లేదు, తెలియక అడుగుతారు. అయినా నాకు ఒళ్లు మండుతుంది. చాయ్ సగంలో వదిలి లేచిపోతాను.

ఇవాళ లేచిపోను. మళ్లీ ఎవరూ అడగకుండా మొత్తం చెప్పేస్తాను.

ఆ విమానాశ్రయంలో పెద్ద టెర్మినల్ ఒకటి, చిన్న టెర్మినల్ ఒకటి. పెద్దదాంట్లో అడుగుపెడితే డబ్బున్నవాళ్ల పెళ్లి పందిట్లోకి వచ్చినట్టుంటుంది. నేలలో మొహం కనిపిస్తుంది. లోపలే ఖర్జూరపు చెట్లు, లోపలే నీళ్లు పారే గోడ. నడవడానికి బద్ధకమైతే నేలే మనల్ని మోసుకుపోతుంది. మరుగుదొడ్లు మా ఇంటి వంటగది కన్నా శుభ్రంగా ఉంటాయి. ఈ మాట మా వదిన వింటే తిడుతుంది గాని, నిజం.

చిన్న టెర్మినల్ రన్‌వేకు అవతలి ఒడ్డున ఉంటుంది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మనుషులు ఎక్కే చవక విమానాలన్నీ అక్కణ్నుంచే. అక్కడ చల్లగాలి తలుపు దగ్గర మొదలై లోపలికి రాకముందే అలిసిపోతుంది. తాగే నీళ్ల దగ్గర వరస, మరుగుదొడ్డి దగ్గర వరస. మైకులో ఏవేవో భాషలు వినిపిస్తాయి, మనది తప్ప. కుర్చీలు ఇనుపవి. ప్రతి కుర్చీకీ మధ్య ఒక ఇనుప చేయి ఉంటుంది. మోచెయ్యి ఆనించుకోవడానికని కొత్తవాళ్లు అనుకుంటారు. కాదు, మనిషి ఒరగకుండా పెట్టింది. అందుకే అందరూ నేల మీద తువ్వాళ్లు పరుచుకుని, చెప్పులు తల కింద పెట్టుకుని పడుకుంటారు. వాళ్ల మధ్య తాళ్లతో బిగించి కట్టిన అట్టపెట్టెలు ఉంటాయి. ప్రతి పెట్టె మీదా నల్ల మార్కరుతో ఊరి పేరు రాసి ఉంటుంది. మనవాళ్లు ఎక్కడున్నారో తెలుసుకోవాలంటే మొహాలు చూడనక్కర్లేదు, బస్సు బోర్డులు చదివినట్టు పెట్టెలు చదివితే చాలు.

నా పని పెద్ద టెర్మినల్లో, బ్యాంకు కార్డు ఉన్నవాళ్లను లోపలికి పంపే లాంజ్‌లో. వరసగా వేడి పెట్టెల్లో అన్నాలు, కూరలు, రొట్టెలు, కేకులు. స్నానాల గదులు. చివరన దీపాలు తగ్గించిన ఒక గది, అందులో వెనక్కి వాలే పడక కుర్చీలు, మెత్తటి దుప్పట్లు. ఆ గది నాది. నాదంటే, తుడిచేదీ, దుప్పట్లు మడతపెట్టేదీ నేనే. ఇంకో పని కూడా ఉండేది. పడుకున్నవాళ్లను వాళ్ల విమానం వేళకు లేపాలి. ఎలా లేపాలో మాకు నేర్పించారు కూడా. భుజం పట్టుకోకూడదు. పేరు పెట్టి పిలవకూడదు. కుర్చీ చేతి మీద వేళ్లతో మెల్లగా తట్టి, ఒక్క అడుగు వెనక్కి జరిగి నిలబడాలి. కళ్లు తెరిచేదాకా అక్కడే ఉండాలి. కళ్లు తెరవకుండా ఎవరినీ వదిలి వెళ్లకూడదు. ఈ పనిలో నాకు మంచి పేరుండేది.

మా అన్న కూడా ఆ దేశంలోనే ఉండేవాడు. నాకన్నా చాలా ముందే వచ్చాడు. మాకు గుంట భూమి లేదు. మేడిపల్లి దిక్కు పసుపు చేలల్లో తవ్వకాలకు పోయి పెరిగినవాళ్లం. అన్న గల్ఫ్‌కు వచ్చి, ఎండలో షట్టరింగ్ పని చేసి, ఊళ్లో రెండు గదుల స్లాబు ఇల్లు కట్టాడు. నన్నూ తీసుకొచ్చాడు. నాకు చల్లటి చోట పని దొరికిందని క్యాంపులో అందరికీ చెప్పుకుని మురిసిపోయేవాడు.

ఆ ఎండే అన్న కిడ్నీలను తినేసింది. పని చేసే చోట నీళ్లు తక్కువ, మరుగుదొడ్డి దూరం. పోవాల్సి వస్తుందని నీళ్లే తాగేవాడు కాదు. కాళ్లు వాచాయి, మొహం వాచింది. డాక్టరు యంత్రం మీద రక్తం శుభ్రం చేయాలన్నాడు. కొన్నిసార్లు చేయించాక ఇక మా వల్ల కాదని కంపెనీ వీసా రద్దు చేసి టికెట్టు చేతిలో పెట్టింది. ఒక రకంగా అది మంచిదే అనుకున్నాం. జగిత్యాలకు చేరితే అక్కడ డయాలసిస్ ఉంది, ఊరికి దగ్గర, మనుషులున్నారు. అన్న ప్రాణం నిలవాలంటే ఆ విమానం ఎక్కాలి, జగిత్యాల చేరాలి. అంతే లెక్క. కాని విమానంవాళ్లు అతణ్ని ఎక్కనివ్వాలి.

క్యాంపులో ఒక మాట పాతుకుపోయి ఉంది. చక్రాల కుర్చీ అడిగితే రోగం బయటపడుతుంది, రోగం బయటపడితే డాక్టరు కాగితం అడుగుతారు, కాగితం లేకపోతే దించేస్తారు. దించేస్తే మళ్లీ టికెట్టు ఎవరిస్తారు? అందుకని ఆరోజు పొద్దున క్యాంపులో అన్నను పెళ్లికొడుకును చేసినట్టు చేశారు. ఒకడు గడ్డం గీశాడు. ఒకడు మీసానికి రంగేశాడు. వాపు కాళ్లకు పట్టేలా ఎవరివో పెద్ద బూట్లు తెచ్చి తొడిగారు. ఉబ్బిన కళ్లు కనబడకుండా నల్ల అద్దాలు పెట్టారు. అన్న అద్దంలో చూసుకుని, "నా పెండ్లికి గూడ గింత మంచిగ తయారు జెయ్యలేదు రా" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

అన్నతో పోవడానికి నాకు సెలవు దొరకలేదు. రద్దీ తగ్గాక చూద్దామన్నాడు మేనేజరు. పాస్‌పోర్టు కంపెనీ దగ్గరుంది. ఆ మధ్యాహ్నం నాకు డ్యూటీ. ఉన్న కాసేపట్లోనే చిన్న టెర్మినల్ చివరి తలుపుదాకా తోడుపోగలను.

సామాను ఇచ్చి బోర్డింగ్ పాస్ తీసుకునేదాకా అన్న నిలబడ్డాడు. ఎలా నిలబడ్డాడో ఆ దేవుడికే తెలియాలి. కౌంటర్లో పిల్ల నవ్వితే తనూ నవ్వాడు. పక్కకు రాగానే నా భుజం మీద బరువంతా వేసేశాడు. ఇనుప కుర్చీలో కూర్చోబెడితే నడుము నిలవక ముందుకు వాలిపోతున్నాడు. "తమ్మీ, జర ఒరుగుత రా. ఎక్కడన్న జర ఒరుగుత" అన్నాడు. అప్పుడే మైకులో విమానం ఆలస్యమని చెప్పారు.

చిన్న టెర్మినల్లో లోపల ఒక చిన్న లాంజ్ ఉందని నాకు తెలుసు. నాలుగు సోఫాలు, ఒక కాఫీ యంత్రం. మా లాంజ్‌తో పోలిస్తే కోళ్లగూడు. గుడ్డికన్నా మెల్ల మేలు కదా అని, "గాడ పండుకో అన్నా, పైసలు నేను గడుత" అన్నాను. అన్న తల అడ్డంగా ఊపాడు. "వద్దు. గాడ పంటే అందరు సూస్తరు. ఏమైందని అడుగుతరు. డాక్టర్ను పిలుస్తరు. నేల మీద పంటే ఎవ్వడు అడుగడు. అందరు పండేదే గదా."

ఆ మాట నాకు సబబుగానే అనిపించింది.

మా దిక్కువాళ్లకు ఒక పద్ధతి ఉంది. ఇంటికి పోయేవాడికి క్యాంపులో అందరూ పార్సిళ్లు ఇస్తారు. ఒకడు పాలపొడి డబ్బా, ఒకడు నొప్పుల మందు, ఒకడు బిడ్డకు బొమ్మ. పోయేవాడు తెలిసినవాడే కానక్కర్లేదు, మన దిక్కువాడైతే చాలు. తీసుకున్నవాడు బరువు అనడు. ఇంటి గడపదాకా వచ్చి చేతికిచ్చి పోతాడు. ఇట్లా ఇచ్చిన పార్సిల్ దారిలో పోయిందన్న మాట నేనెన్నడూ వినలేదు. ఆ నమ్మకంతోనే మనిషిని కూడా అప్పజెప్పవచ్చు అనుకున్నాం. ఇంకెవరికీ రాని ఆలోచన ఇది. మాకు మాత్రం సహజంగా వచ్చింది.

పెట్టెలు చదువుకుంటూ పోయాను. ఒకదాని మీద సిరిసిల్ల అని ఉంది. పక్కన నెరిసిన గడ్డంతో ఒక పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు. సిరిసిల్లలో బట్ట నేసే సాంచాలు నడిపి, సాంచాల పని తగ్గాక ఇక్కడికి వచ్చి లాండ్రీలో ఇస్త్రీ చేసి, వీసా అయిపోయి ఇంటికి పోతున్నాడట. ఆయనకు ఏదీ దాచకుండా చెప్పాను. రోగం చెప్పాను, ఎందుకు దాస్తున్నామో చెప్పాను. ఆయన నా ఫోన్ నంబరు తీసుకుని, లేచి వచ్చి అన్న చెయ్యి పట్టుకున్నాడు.

"కొడుకా, నువ్వు పో. నీ డ్యూటీకి పో. గీయన్ని పట్నంల దించి, బండెక్కిచ్చి, నేను పోత" అన్నాడు.

అన్న ఆ నల్ల అద్దాల వెనక నుంచి నన్ను చూసి, "నన్ను గూడ పార్సిల్ జేసినవ్ రా" అన్నాడు. మా అన్న నాతో మాట్లాడిన చివరి మాట అదే. నవ్వుతూనే అన్నాడు.

పాస్‌పోర్టు చూసే గాజు తలుపు దగ్గర నన్ను ఆపేశారు. నా మెడలో కార్డు ఉంది. ఆ కార్డుతో పెద్ద టెర్మినల్లో నేను ఏ తలుపైనా తెరవగలను, మంత్రులు కూర్చునే గది పక్కనుంచి చెత్తబుట్ట పట్టుకుని పోగలను. చిన్న టెర్మినల్లో మాత్రం అది వట్టి ప్లాస్టిక్ ముక్క. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. వాళ్లిద్దరూ గాజు అవతల మెల్లగా నడిచి మలుపు తిరిగేదాకా చూసి, బస్సెక్కి పెద్ద టెర్మినల్‌కు వచ్చాను.

లాంజ్‌లో మా ఫోన్లు లాకరులో పెట్టాలి. గోడ మీద విమానాల వేళలు చూపే పెద్ద తెర ఉంది గాని, చిన్న టెర్మినల్ విమానాలు అందులో రావు. అక్కడ కూర్చున్నవాళ్లలో ఎవరికీ వాటితో పని ఉండదు. నేను మళ్లీ మళ్లీ ఆ తెర వైపే చూశాను. ఎన్నిసార్లు చూసినా లండన్, పారిస్, సిడ్నీ.

పడుకునే గదికి పోయాను. ఒక కుర్చీలో బూట్లు విప్పకుండా ఒక కుర్రాడు నిద్రపోతున్నాడు. ఇంకో కుర్చీ ఖాళీ. దాని మీద దుప్పటి సర్దుతుంటే ఏడుపు ఆగలేదు. రన్‌వే అవతల మా అన్న నేల మీద పడుకుని ఉంటాడు. ఇవతల ఈ కుర్చీ ఊరికే పడి ఉంది. నా చేతులతో రోజూ తుడిచే కుర్చీ. మోసుకుపోయి అక్కడ వేసి వద్దామా అనిపించింది. పిచ్చి ఆలోచన. అయినా ఆ కుర్చీని రెండు చేతులా పట్టుకుని లేపి చూశాను. నేలకు బోల్టులు వేసి ఉంది.

అప్పుడే భోజనాల దగ్గర తెలుగు వినిపించింది. ఒకాయన ఫోన్ ఎదురుగా పెట్టుకుని మాట్లాడుతున్నాడు. "ఫ్రెండ్స్, అవతలి గేట్ల వైపు లాంజ్‌కి నేను ఐదుకి నాలుగిచ్చాను. దీనికి రెండున్నర కంటే ఇవ్వలేను. దోసె మెత్తగా ఉంది. స్లీపింగ్ ఏరియాలో దిండ్లు లేవు." అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టు. నాకు మండుకొచ్చింది. కాని అవసరం నాది. దగ్గరికి పోయి చేతులు కట్టుకున్నాను.

"సార్, ఒక ఫ్లయిట్ లేసిందా లేదా జర సూసి జెప్తరా? నా ఫోన్ లోపట లేదు."

ఆయన చెడ్డవాడు కాదు. వీడియో ఆపి వెంటనే చూశాడు. ఇంకా ఆలస్యమే అన్నాడు. "ఎవరున్నారు అందులో?"

"మా అన్న సార్. పానం మంచిగ లేదు."

"అయ్యో, లాంజ్‌లో కూర్చోబెట్టకపోయారా? ఉండండి, ఆ టెర్మినల్లో ఏముందో చూస్తాను." కాసేపు వెతికాడు. "ఒకటుంది. కాని దానికి రివ్యూలేం లేవు" అన్నాడు.

ఆయన వెళ్లిపోయేముందు నన్ను వెతుక్కుంటూ వచ్చి మరీ చెప్పాడు. "మీ అన్నగారి ఫ్లయిట్ బయల్దేరింది బాబూ. ఇక టెన్షన్ పడకండి." ఆయన చేతులు పట్టుకున్నాను. క్యాంటీన్‌కు పోయి రెండుసార్లు అన్నం పెట్టించుకుని తిన్నాను. ఈపాటికి గాలిలో ఉంటాడు, కిటికీకి తల ఆనించి ఉంటాడు, దించమన్నా ఇక దించలేరు అనుకుంటూ తిన్నాను. ఆ అన్నం రుచి నాకు ఇప్పటికీ గుర్తుంది.

సాయంత్రం డ్యూటీ దిగి లాకరు తెరిచాను. ఫోన్ నిండా సిరిసిల్ల పెద్దమనిషి కాల్స్. వాట్సాప్‌లో ఆయన గొంతు.

"కొడుకా, మీ అన్న లేస్తలేడు. అందరు పన్నరని గీయన గూడ పన్నడు. నేనే నా తువ్వాల పర్చిన. గురక వెట్టి పన్నడు, జర సుఖపడ్డడనుకున్న. ఇప్పుడు విమానం ఎక్కుమంటున్నరు, పిలిస్తె పలుకుతలేడు. ఫోన్ ఎత్తు."

తర్వాతది. "గీ యూనిఫారం పిల్ల అచ్చింది. మందు తాగిండా అని అడుగుతంది. కాదు తల్లీ, పానం బాగలేదని జెప్పిన. ఇగ దాసుడు ఎందుకని మొత్తం జెప్పిన. తప్పయితదా కొడుకా? ఫోన్ ఎత్తు."

చివరిది. వెనక విమానం చప్పుడు. "డాక్టర్ అచ్చి ముట్టుకొని సూసి లేసి నిలవడ్డడు. ఏం జెప్పలేదు. నేను ఉంటనన్న. నీ వీసా అయిపోయింది, ఎక్కకుంటె పోలీసులకు అప్పజెప్తమన్నరు. ఎక్కిన. తలుపు వెట్టిండ్రు. నన్ను తిట్టుకోకు కొడుకా."

బస్సు కోసం ఆగలేదు. రోడ్డు పట్టుకుని ఉరికాను. చిన్న టెర్మినల్ గాజు తలుపు దగ్గర కార్డు చూపించాను, కాళ్లు పట్టుకున్నాను, లోపల మా అన్న అన్నాను. పోలీసు నా కార్డు రెండు వైపులా తిప్పి చూసి, నీ టెర్మినల్ ఇది కాదన్నాడు. చాలాసేపటికి ఒక అధికారి వచ్చి, ఇక్కడ ఎవరూ లేరు, ఎప్పుడో తీసుకుపోయారు అని చెప్పాడు.

కాగితాలకు వారాలు పట్టింది. అన్న పోయాక నాకు సెలవు వెంటనే దొరికింది. చిన్న టెర్మినల్ నుంచి ఒకే విమానంలో వచ్చాం. నేను సీటులో, అన్న కింద సామాన్ల దగ్గర. శంషాబాద్‌లో దిగి, నవ్వుతూ దండలతో ఎదురుచూస్తున్న మనుషుల మధ్యనుంచి బయటికి వచ్చి, అక్కణ్నుంచి కార్గో టెర్మినల్‌కు పోయాను. దాన్ని కూడా పోల్చి చెప్పమంటే చెప్తాను. పైన రేకులు. లారీలు. మందుల డబ్బాలు, యంత్రాల పెట్టెలు. వాటి మధ్య నుంచి ఫోర్క్‌లిఫ్ట్ మీద మా అన్నను తెచ్చారు. తెచ్చిన డ్రైవరు పాపం, పెట్టెను మెల్లగా దించాడు. పెద్ద టెర్మినల్లో కూడా నేను ఎవరినీ అంత మెల్లగా దించడం చూడలేదు.

అంబులెన్సులో సిద్దిపేట దాటి సిరిసిల్లకు వచ్చేసరికి రోడ్డు పక్కన ఆ పెద్దమనిషి ఎండలో నిలబడి ఉన్నాడు. నేను ఫోన్ చేసి చెప్పిందేం లేదు, ఎవరి ద్వారానో తెలుసుకున్నాడు. బండి ఆపితే ఎక్కి పెట్టె పక్కన కూర్చుని, ఊరు వచ్చేదాకా దాని మీద చెయ్యి తీయలేదు. ఆయన మీద నాకు కోపం లేదు. కోపం ఎవరి మీద పెట్టుకోవాలో తెలిస్తే కొంత తేలికయ్యేది.

ఊరి బయట చనిపోయినవాణ్ని గడప దాటించకూడదని మా దగ్గర ఒక కట్టుబాటు. ఇంటి ముందు టెంటు వేసి, పెట్టె అక్కడే దించి, అక్కణ్నుంచే తీసుకుపోతారు. టెంటు అప్పటికే వేసి పెట్టారు. వదిన లోపలినుంచి వచ్చి గడపలో నిలబడింది. ఏడవడం లేదు.

"లోపటికి తీస్కరాండ్రి" అంది.

కులపెద్ద అడ్డుకున్నాడు. "గట్ల తేవద్దు బిడ్డా. ఇంటికి మంచిది గాదు. పిల్లలున్నరు."

"ఇంకేం గావాల్నే మామా గీ ఇంటికి? గాయన గట్టిన ఇల్లు గిది. ఊరుగాని ఊర్ల, నేల మీద పండి పానం ఇడిసిండు. ఇంట్ల మంచం లేదా?"

ఎవరూ కదల్లేదు. సిరిసిల్ల పెద్దమనిషి ముందుకు వచ్చి పెట్టెకు ఒక పక్క పట్టుకున్నాడు. నేను ఇంకో పక్క పట్టుకున్నాను. ద్వారంలో పెట్టె పట్టలేదు. బయటే మూత విప్పి, గుడ్డతో సహా అన్నను ఎత్తి లోపలికి తీసుకుపోయాం. వదిన మంచం మీద ఉతికిన దుప్పటి పరిచింది. తల కింద దిండు సర్దింది. వెలుతురు కళ్లలో పడుతుందన్నట్టు కిటికీ రెక్క మూసింది. తర్వాత మంచం పక్కన నేల మీద కూర్చుని, కాళ్ల వాపు తగ్గిందా అని చూసినట్టు చూసింది.

కాసేపటికి బయటినుంచి కేకలు మొదలయ్యాయి. పొద్దు వాలుతోంది, ఇంకా ఎంతసేపు అని. నన్ను పంపారు, పోయి చెప్పమని. నేను గదిలోకి పోయి మంచం దగ్గర నిలబడ్డాను. ఎన్ని వందల మందిని లేపి ఉంటాను. మంచం పట్టె మీద తట్టబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

వదిన నా వైపు చూసింది. "జరసేపు పండనియ్యి తమ్మీ" అంది.

బయటినుంచి మళ్లీ పిలిచారు. నేను గది తలుపు దగ్గరికి వేసి, గడప మీద కూర్చున్నాను.